పాలగుండ మిల్లులో వడియాలు

ఆ రోజుల్లో నాకో జబ్బుండేది బుజ్జీ. ఎండ ఊరికే పోతుంటే చూడలేకపోయేదాన్ని. ఎక్కడైనా నిండుగా ఎండ కాస్తూ, అక్కడ ఏమీ ఆరబెట్టి లేకపోతే, ఎవరో కుళాయి కట్టకుండా వెళ్ళిపోయినట్టు నా ప్రాణం గిలగిల్లాడేది. (ఎర్రబొత్తాం నొక్కావా? నేను మాట్లాడుతుంటే అక్షరాలు వాటంతటవే పడిపోతున్నాయే, భలేగా ఉంది! "అమ్మమ్మా, ఇట్స్ వర్కింగ్, జస్ట్ టాక్" అంటోంది నా మనవరాలు, ఈ బుజ్జి. దీనికి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది.) నిన్న మా అమ్మాయివాళ్ళందరూ నన్ను ఊరి శివార్లలో పాతకాలపు పల్లె మ్యూజియానికి తీసుకెళ్ళారు. అద్దాల బీరువాలూ అవీ ఉండవు. బయటే, చెట్ల మధ్య, పూర్వం రైతులున్న చెక్క ఇళ్ళు, గుర్రపుశాల, కమ్మరి కొలిమి, అన్నీ ఉన్నవున్నట్టు నిలబెట్టారు. అక్కడ ఎండలో తెల్లగుడ్డ బిగించిన ఒక చెక్క చట్రం కనబడింది. అంతే, నాకు నవ్వు మొదలైంది, ఆగితేనా! మా అల్లుడు కంగారుపడి నీళ్ళసీసా మూత తీశాడు. "వాట్స్ సో ఫన్నీ?" అని ఇది నిన్నట్నించీ నా కొంగు వదలడం లేదు. అందుకని చెబుతున్నా, వినండి.

అప్పటికి మీ అమ్మ ఇంకా పుట్టలేదు. మీ తాతయ్యా నేనూ బ్రిస్బేన్‌లో అద్దె ఫ్లాటులో కొత్త కాపురం. మీ తాతయ్య కంప్యూటర్ల ఆఫీసుకి పోయేవారు, నేను బాల్కనీలో నిలబడి రోడ్డు చూసేదాన్ని. ఆ బాల్కనీ కథ ఒకటి. దక్షిణం వైపు చక్కగా ఖాళీగా ఉంది, బ్రహ్మాండంగా ఎండ వస్తుందని నేనే ముచ్చటపడి ఆ ఫ్లాటు తీసుకోమన్నాను. ఆ దేశంలో సూర్యుడు ఉత్తరం పక్క నించి పోతాడని నాకెవరు చెప్పారు! ఎమ్మెస్సీ బాటనీ చదివినదాన్ని, మొక్క ఎటు వంగుతుందో చెప్పగలను గానీ సూర్యుడెటు పోతాడో తెలియలేదు. ఆ బాల్కనీలో కర్చీఫు ఆరడానికి కూడా రెండు పూటలు పట్టేది. ఉద్యోగాల కోసం ఎన్ని చోట్లకి వెళ్ళినా "లోకల్ ఎక్స్‌పీరియన్స్ లేదు కదా" అనేవారు. ఉద్యోగం ఇవ్వకుండా అదెలా వస్తుందో ఎవరూ చెప్పేవారు కాదు. అలాంటి రోజుల్లో, బస్సులో పోతే గంట దూరంలో ఒక పల్లె మ్యూజియంలో మనుషులు కావాలని తెలిసింది. పాత చెరుకు తోట, దొర ఇల్లు, దాని చుట్టూ కొలిమీ, గుర్రపుశాలా, చర్చితో సహా ఆ కాలపు పల్లె. ఆ కాలం బట్టలు వేసుకుని, ఆ కాలం పనులు చేస్తూ, చూడ్డానికి వచ్చినవాళ్ళకి చూపించాలి.

ఇంటర్వ్యూ చేసినావిడ మెడలో ఎప్పుడూ ఒక ఈల వేలాడేది (తప్పిపోయిన స్కూలు పిల్లల్ని పోగెయ్యడానికి). అందుకని నేనూ మీ తాతయ్యా ఆవిణ్ణి ఈల మేడమ్ అనుకునేవాళ్ళం. "కట్టెల పొయ్యి మీద వండగలవా?" అంది. వండగలనన్నాను. "బట్టలు చేత్తో ఉతకగలవా?" ఉతకగలను. "పెరుగు చిలికి వెన్న తీయగలవా?" నాకు నవ్వాగలేదు. మా పశ్చిమగోదావరి ఇంట్లో మా అమ్మ నా చేత మొన్నటిదాకా చేయించిన పనులన్నీ ఇక్కడ మ్యూజియంలో పెట్టారన్నమాట! "ఈ శనాదివారాలు ట్రయల్. ఆదివారం మా కమిటీ ప్రెసిడెంటు వస్తారు. ఆవిడ సరేనంటే నీకు ఉద్యోగం పర్మనెంటు" అంది. నేను ఇంటికి నడిచిరాలేదు, ఎగురుకుంటూ వచ్చాను. మీ తాతయ్య మాత్రం "ఎమ్మెస్సీ చదివి, గౌనేసుకుని దొరగారింట్లో బట్టలుతుకుతావా?" అన్నారు. "మన ఇంట్లో ఊరికే ఉతకట్లేదా?" అన్నాను.

ట్రయల్‌కి ముందు శుక్రవారం పని నేర్చుకోడానికి పిలిచారు. గౌను నేలదాకా, లోపల రెండు లంగాలు, పైన ఏప్రను, నెత్తిన కుచ్చుల టోపీ. బొట్టూ గాజులూ మాత్రం తియ్యనన్నాను, ఈల మేడమ్ కాసేపు చూసి పోనీ అంది. అక్కడి మిల్లు చూసుకునే ఒక ముసలాయన నాకు ఆ మ్యూజియం ఊరంతా తిప్పి చూపించాడు. బొడ్డుదాకా తెల్లగడ్డం, జీతం లేకుండా సరదాకి పనిచేసేవాడు. ఆయన ఎవర్నైనా ముందు దొర మేడకి కాకుండా, చివరున్న గడ్డి పాకకి తీసుకెళ్ళేవాడు. దీవుల నించి పడవల్లో తెచ్చిన కూలీలు ఉన్న పాక అది. "ఈ చెరుకు నరికింది వీళ్ళు లవ్, మేడలో ఉన్నవాళ్ళు కాదు. ఇది చూశాకే అది చూడాలి" అనేవాడు (అక్కడ పెద్దవాళ్ళు ఎవర్నైనా లవ్ అనే పిలుస్తారు). ఆ మాటతో ఆయన మీద నాకు గౌరవం కలిగింది. తర్వాత మిల్లు దగ్గరికి తీసుకెళ్ళాడు. అదేం మిల్లో తెలుసా? పాలగుండ మిల్లు! చిన్నపిల్లలకి కడుపులో బాగా లేకపోతే జావ కాచిపోస్తామే, ఆరారూట్ అంటారు, ఆ పిండి. దుంపలు తురిమి, కడిగి, ఆ పిండిని ఎండబెట్టేవారట. దేనిమీద ఎండబెట్టేవారూ? మిల్లు వెనక మైదానంలో, నడుమెత్తు కాళ్ళమీద, మంచమంత మంచమంత చెక్క చట్రాలు. వాటిమీద ఉతికి బిగించిన తెల్లటి ముతక గుడ్డ. పైన బ్రిస్బేన్ చలికాలపు ఆకాశం, మబ్బుతునక లేదు. (అక్కడ చలికాలంలోనే వానుండదు, ఎండ తళతళలాడుతుంది.) ఒక్కో చట్రం మా నాన్న పాత పంచె పరిచినట్టే ఉంది. అన్నీ ఖాళీ! నా చేతులు దురదపెట్టాయి.

"వీటిమీద నేను చిన్నదేదైనా ఆరబెట్టుకోవచ్చా?" అని అడిగాను. (అడగకుండా చేశానని ఎవరూ అనకూడదు.) "నో వర్రీస్ లవ్, పిండి చేసేది వచ్చే నెల్లో కదా" అన్నాడు గడ్డం తాత. పాపం, ఏ చేతిరుమాలో అనుకున్నాడు.

శనివారం కోడి కూయకముందే లేచి, చైనా కొట్టులో కొన్న బియ్యప్పిండి ఉడికించి, పచ్చిమిర్చీ జీలకర్రా ఉప్పూ నూరి కలిపి, నిమ్మకాయ రసం పిండి, పెద్ద స్టీలు క్యారియర్‌లో పోసుకుని బస్సెక్కాను. వేడి క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని పోతుంటే గంట ప్రయాణం క్షణంలో అయిపోయింది. మ్యూజియం తెరిచేలోగా గౌను వేసుకుని, గుడ్డమీద నీళ్ళు చిలకరించి, గరిటెతో వరసలు వరసలుగా వడియాలు పెట్టేశాను. ఎలా ఉన్నాయనుకున్నావు! తెల్లగుడ్డమీద తెల్ల చందమామలు. ఒక చట్రం నిండింది, రెండోది నిండింది. కాకుల కోసం అలవాటు కొద్దీ ఎండుమిరపకాయల దండొకటి చట్రానికి కట్టాను. ఆ తర్వాత దొర ఇంటి వరండాలోకి పోయి, బుద్ధిగా తొట్టి ముందు నిలబడి, వచ్చినవాళ్ళకి బట్టలుతికి చూపిస్తున్నాను.

కాసేపటికి పైనించి కీచుమని అరుపు. చూద్దును కదా, తెల్లగా, నెత్తిన పసుప్పచ్చ జుట్టుతో కాకటూలనే పెద్ద చిలకలు, ఒక గుంపు! ఒకటి చట్రం మీద వాలి మిరపకాయ తెంపి, కాలితో పట్టుకుని, మామిడిపండు తిన్నట్టు తింటోంది. కళ్ళైనా చెమర్చలేదు దానికి! మిగతావి వడియాల మీదకి దిగుతున్నాయి. నేను ఉతుకుతున్న చొక్కా వదిలేసి, గౌనూ రెండు లంగాలూ మోకాళ్ళదాకా ఎత్తి పట్టుకుని, "హుష్! పో! దొంగమొహమా! నీ జుట్టు పీకి నీ చేతికివ్వకపోతే నేను మా అమ్మ కూతుర్ని కాదు!" అని మైదానానికి అడ్డంపడి పరుగు. టోపీ ఎక్కడో పడిపోయింది. చేతిలో బట్టలుతికే కర్ర. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఇదీ ప్రదర్శనలో భాగమే అనుకున్నారు. నా వెనకాలే వచ్చి, పిట్టలు లేచిపోగానే చప్పట్లు! "మళ్ళీ ఎన్నింటికి?" అని ఒకాయన అడిగాడు కూడా.

ఆ చప్పట్లకి ఈల మేడమ్ వచ్చింది. ఆవిడ పక్కన, ఆదివారం రావాల్సిన ప్రెసిడెంటు, ఒకరోజు ముందే. పొడుగ్గా, వెన్ను నిటారుగా, ముత్యాల దండతో, చూస్తేనే నోట్లో తడారిపోయే మనిషి. చట్రాల మీద తెల్ల చందమామలు చూసి ఆవిడ మొహం వెలిగింది. "ఓ, ఆరారూట్ పెట్టారా! నా చిన్నప్పుడు మా బామ్మగారి తోటలో అచ్చం ఇలాగే ఆరబెట్టేవారు" అంటూ, నేను నోరు తెరిచేలోపు ఒకటి తీసి నోట్లో వేసేసుకుంది. ఈల మేడమ్ నావైపు చూసింది. నేను పచ్చిమిర్చి ఎంత వేశానో గుర్తు తెచ్చుకుంటున్నాను. ప్రెసిడెంటుగారి మొహం మొదట తెలుపు, తర్వాత గులాబీ, ఆ తర్వాత మా నాన్నమ్మ కుంకుమభరిణ. కళ్ళవెంట నీళ్ళు. "మా బామ్మ ఆరారూట్ ఇలా ఉండేది కాదు" అంది, దగ్గు మధ్యలో.

"అది ఆరారూట్ కాదండీ, వడియం" అన్నాను. ఉద్యోగం ఇంక హుళక్కే. ఏమిటి, ఎలా చేస్తారు అని ఆవిడ అడిగింది, చెప్పాను. ఆవిడ ఇంకొకటి తీసి నోట్లో వేసుకుంది! (సగమెండిన వడియం రుచి అలాంటిది బుజ్జీ. మా ఇంట్లో కాకుల కన్నా మేమే ఎక్కువ ఎత్తుకుపోయేవాళ్ళం.) "ఎండాక నూనెలో వేయిస్తే పువ్వుల్లా విచ్చుకుంటాయి" అన్నాను, ఉత్సాహం ఆపుకోలేక. "అయితే ఇప్పుడే వేయించు. వంటింట్లో పొయ్యి మండుతూనే ఉంది, అందరం చూస్తాం" అంది ఆవిడ. చుట్టూ ఉన్నవాళ్ళు "యెస్! యెస్!" అన్నారు. ఈల మేడమ్ కళ్ళతోనే "వెళ్ళు, వెళ్ళు" అంటోంది.

ఎవరైనా ఏం చేస్తారు? వేయించేస్తారు. నేనేం చేశానో తెలుసా? "వేయించనండీ" అన్నాను.

"ఎందుకు?" అంది ప్రెసిడెంటు.

"ఎండలేదు. ఎండని వడియం నూనెలో వేస్తే విచ్చుకోదు, నూనె పీల్చి ముద్దయిపోతుంది. రేపు సాయంత్రానికి గానీ కుదరదు."

"ఒక్కటి, ఊరికే చూడ్డానికి?"

"ఒక్కటీ వేయించనండీ. వడియమంటే ఇదా అనుకుంటారు మీరు."

ఈల మేడమ్ ఈల నోట్లో పెట్టుకుంది. ఊదలేదు, ఊరికే కొరుకుతోంది. ప్రెసిడెంటు నన్ను కిందనించి పైదాకా చూసి, "సరే, రేపు సాయంత్రం అందర్నీ తీసుకొస్తాను. రేపు విచ్చుకోవాలి మరి" అని వెళ్ళిపోయింది. ఆవిడ అటు పోగానే ఈల మేడమ్ నా చెయ్యి పట్టుకుని, "డార్ల్, నీ ఉద్యోగం ఇప్పుడు నా చేతిలో లేదు. ఆ... వాటి చేతిలో ఉంది" అని వడియాల వైపు చూపించింది. సాయంత్రం గుడ్డ వెనక నీళ్ళు చల్లి, ఒక్కొక్కటీ ఒలిచి, తిరగేసి, చట్రాలు మిల్లు లోపల పెట్టించి ఇంటికొచ్చాను.

మీ తాతయ్య అంతా విని నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. "ఒక్కటి వేయిస్తే నీ సొమ్మేం పోయింది? మీ నాన్నగారికి ఫోన్ చేసి, మీ అమ్మాయి ఉద్యోగం వడియం ఎండక పోయిందండీ అని చెప్పమంటావా?" "రేపు ఎండుతాయి. ఇక్కడ చలికాలంలో మబ్బు ఉండదు" అన్నాను ధీమాగా.

ఆదివారం పొద్దున లేచి చూస్తే ఆకాశం నిండా మబ్బు. మీ తాతయ్య ఒక నూనెడబ్బా, జల్లిగరిటె సంచిలో పెట్టుకుని, "నేనూ వస్తాను పద" అన్నారు. మంచిపనే అయింది. మ్యూజియం వంటింట్లో వేయించడానికి వాళ్ళు వాడేది గొడ్డు కొవ్వు! అందులో మా అమ్మ నేర్పిన వడియాలు వేయిస్తే నేను మళ్ళీ ఇంటి గడప తొక్కగలనా?

చట్రాలు బయట పెట్టాం. మధ్యాహ్నం దాకా ఎండ లేదు. జనం వస్తున్నారు, వడియాలు ముట్టుకుని చూస్తున్నారు, "రెడీనా?" అంటున్నారు. ఇంతలో మబ్బు చీలి, కమ్మరి కొలిమి ముందు ఇంత ఎండముక్క పడింది. "అక్కడ! అక్కడ!" అని అరిచాను. మీ తాతయ్య ఒక పక్క, గడ్డం తాత ఒక పక్క చట్రం ఎత్తి, పెళ్ళిపల్లకీ మోసినట్టు పరిగెత్తారు. అక్కడ దించేసరికి ఎండ జరిగి చర్చి మెట్ల మీదకి పోయింది. మళ్ళీ ఎత్తారు. రెండో చట్రానికి ఎవరో చెయ్యి వేశారు, ఇంకెవరో గుర్రపుశాల కప్పెక్కి, "మేట్, ఎడమకి! గడ్డి పాక వైపు వస్తోంది!" అని మబ్బు చూసి చెబుతున్నాడు. పిల్లలు ముందు పరిగెత్తి ఎండలో నిలబడి చేతులూపుతున్నారు. ఈల మేడమ్ ఆఖరికి ఈల ఊదేసింది! ఎండ ఎటు పోతే అటు ఈల, ఈల వెనక చట్రాలు, చట్రాల వెనక ఊరంతా. వాళ్ళ మధ్య, ముత్యాల దండ భుజం మీదకి ఎగరేసుకుని, చట్రం మూల పట్టుకుని ప్రెసిడెంటు! "వంచకండి, వంచకండి, జారిపోతాయ్!" అని నేను తెలుగులో అరుస్తున్నాను, అందరికీ అర్థమైపోతోంది. అంత సంతోషం నాకు ఆ దేశం వచ్చాక అదే మొదటిసారి బుజ్జీ. ఈ మైదానంలో నాకు తెలియనివాళ్ళు ఒక్కరూ లేరనిపించింది.

సాయంత్రం ఒకటి విరిచి చూశాను. పైన టక్కుమంది, లోపల ఇంకా కాస్త మెత్తన. నాకు తెలిసిపోయింది. కానీ ఊరంతా వంటింటి కిటికీలకి వేలాడుతోంది, ఇంక ఎలా కాదంటాను? మీ తాతయ్య నూనె పోశారు. కాగింది. ఒకటి వేశాను. అంచులు పువ్వులా విచ్చుకున్నాయి, జనం "ఊఊఊ" అన్నారు. నడుమ మాత్రం గట్టిగా, గవ్వలా ఉండిపోయింది. వాయి తర్వాత వాయి తీశాను. కరకరా నమిలారు. పళ్ళు పోతాయేమోనని నాకు భయం, వాళ్ళకి మాత్రం లేదు. గడ్డం తాత గడ్డం నిండా ముక్కలే. ప్రెసిడెంటు తింటూ, కళ్ళు తుడుచుకుంటూ, "అద్భుతం!" అంది.

అక్కడితో ఊరుకోవచ్చా? ఊరుకోవచ్చు. మీ తాతయ్య వెనకనించి కొంగు లాగుతున్నారు (కొంగంటే ఏప్రను తాడు). నేను ఊరుకోలేదు. "బాగా రాలేదండీ" అన్నాను. "నడుమ విచ్చుకోలేదు, చూడండి. మా అమ్మ చూస్తే ఇవి వడియాలు కావంటుంది. పూర్తిగా ఎండ ఉన్నప్పుడు మళ్ళీ పెడితే గానీ మీకు అసలు వడియం తెలియదు." మీ తాతయ్య కళ్ళు మూసుకున్నారు. ప్రెసిడెంటు నమలడం ఆపి, ఈల మేడమ్ వైపు తిరిగి, "అయితే ఈ అమ్మాయి వచ్చే వారం కూడా రావాలి కదా" అంది.

అలా వచ్చింది నా ఉద్యోగం. మీ అమ్మ కడుపులో పడి గౌను పట్టకుండా పోయేదాకా చేశాను. "సో, యూ గాట్ ద జాబ్ బికాజ్ దే వర్ బ్యాడ్?" అంటోంది ఇది, పకపకా నవ్వుతూ. అవునే, బాగోలేదని చెప్పినందుకు! ఇప్పుడు నాకంత పట్టింపు లేదు. మొన్న పక్కింటివాళ్ళొస్తే, సరిగ్గా ఎండకపోయినా "ఏదో, కరకరలాడుతున్నాయి, తినండి" అని వేయించి పెట్టేశాను, అందరూ బాగున్నాయన్నారు, నేనూ తలూపాను. ఆ రోజుల్లో నేనున్నానే, ఆ పిల్ల అయితే ఒప్పుకునేది కాదు. చేతిలో పైసా లేదు, ఇంగ్లీషు సగం సగం, నెత్తిన టోపీ లేదు, లంగాలు మోకాళ్ళ దాకా ఎత్తుకుని, అంత పెద్దావిడ మొహం మీద "వేయించనండీ" అంటుంది. ఎంత పొగరో! ఇప్పుడు ఎదురుపడితే తిడతాను, ఆనక దగ్గరికి తీసుకుని, చెదిరిన ఆ జుట్టు సరిచేస్తాను. చాల్లే బుజ్జీ, ఆ బొత్తాం ఆపు, నాకు నవ్వొస్తోందో ఏడుపొస్తోందో నాకే తెలియడం లేదు.